పదకొండు సంతకాలు

మార్చి 4, 1889

పాఠశాల చరిత్ర నన్నే రాయమన్నారు. ఇంకెవరిని అడుగుతారు? ఈ గోడల్లో ఏ మేకు ఎప్పుడు కొట్టారో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను. కమిటీ అధ్యక్షుడు వాడ్‌స్ట్రోమ్ గారు స్వయంగా వచ్చారు. ఉన్ని మిల్లు యజమాని ఒకరింటికి నడిచి రావడం ఈ నోర్షోపింగ్ ఊళ్లో చిన్న విషయం కాదు. రెండు రస్కులు కాఫీలో ముంచుకుని తిని, జూన్ పదమూడున ముప్పయ్యో వార్షికోత్సవం అన్నారు. ఆ రోజుకి ముప్పై పేజీల పుస్తకం అచ్చు కావాలి. మెట్ల దగ్గర పాలరాతి ఫలకం పెడతారు. దాని మీద అన్నయ్య పేరు: 'ఆక్సెల్ హాగెలిన్, ఈ యువతుల సంగీత పాఠశాల స్థాపకుడు, గురువు.'

"మీకు సంతోషమే కదా, ఉల్రికా గారూ?" అన్నారు.

సంతోషమే. అన్నయ్య పోయి ఆరేళ్లయింది. ఇప్పటికైనా ఊరు తలుచుకుంది.

మార్చి 7

మొదటి అధ్యాయం అయిపోయింది. 1859. అద్దకం వాళ్ల దుకాణం మీద రెండు గదులు, ఒక పియానో, పెడళ్లున్న ఒక చిన్న ఆర్గన్, ఏడుగురు అమ్మాయిలు. ఒకరిద్దరు తప్ప అందరూ మిల్లు మేస్త్రీల కూతుళ్లు, విధవల కూతుళ్లు. కింద నుంచి నీలిమందు వాసన. కిటికీ తెరిస్తే ఏటి హోరు, దాని మీద మగ్గాల హోరు. ఆ రెండు హోరుల మధ్య తన స్వరం తనకు వినపడేలా వాయించడం నేర్చిన పిల్ల ఏ చర్చిలోనైనా వాయించగలదు. ఇది పుస్తకంలో కూడా రాశాను.

పాఠశాల అన్నయ్య పేరున తెరిచాం. అప్పుడు నాకు ఇరవై మూడు. పెళ్లికాని ఆడదానికి అన్నే సంరక్షకుడు, చట్టం ముందు ఆమెకు సంతకం లేదు. బిషప్ కార్యాలయం ఇచ్చిన అనుమతి పత్రంలో ఒక్క అన్నయ్య పేరే ఉంది.

తర్వాత మా పద్ధతి గురించి రాశాను. పిల్ల ఆర్గన్ ముందు కూర్చోగానే నడుము నుంచి ఆర్గన్ దాకా ఒక ఏప్రాన్ కట్టేవాళ్లం, కాళ్లు కనపడకుండా. మూడు నెలలు అలాగే. కాళ్లు దారి వెతుక్కోవాలి, కళ్లు స్వరాల కాగితం మీద ఉండాలి. ఇప్పుడు వేరే ఊళ్లలో కూడా ఇలా చేస్తున్నారట. చేయనీ. మొదట కట్టిన ఏప్రాన్ నాది, పిండి మరకలతో సహా.

'ఆక్సెల్ హాగెలిన్ కనిపెట్టిన పద్ధతి' అని రాశాను.

మార్చి 12

మొదటి అధ్యాయం మళ్లీ చదివాను. 'ఆక్సెల్ హాగెలిన్ నేర్పారు' అని పద్నాలుగు చోట్ల ఉంది. బాగానే వచ్చింది.

మార్చి 20

రెండో అధ్యాయం. 1862 నుంచి 64 దాకా. అన్నయ్యకు ఆరోగ్యం బాగాలేని కాలం. ఒక పేరా చాలు.

మార్చి 21

ఆరోగ్యమే బాగాలేదు.

మార్చి 29

ఒక పేరాలో సరిపెట్టడం కుదరడం లేదు. పాఠశాలకు పేరు తెచ్చింది ఆ రెండేళ్లే. ఆడవాళ్లు చర్చిలో ఆర్గన్ ఉద్యోగం చేయవచ్చని చట్టం వచ్చిన మరుసటేడు మన దగ్గర పిల్లలు సిద్ధంగా ఉన్నారు. పదకొండు మంది. పదకొండు యోగ్యతా పత్రాలు. పదకొండు మందికీ ఉద్యోగాలు వచ్చాయి. ఒకరిద్దరికి ముందు రాళ్లు కూడా పడ్డాయనుకోండి, ఒక పల్లెలో చర్చి తలుపు దగ్గర మంచుగడ్డ విసిరారు వాళ్లలో ఒకతె, టెక్లా మీద. అది ఆ తడిసిన టోపీతోనే లోపలికి వెళ్లి మొత్తం ఆరాధన వాయించి వచ్చింది.

ఇంతటి సంగతిని ఒక పేరాలో ఎలా పెట్టను?

ఏప్రిల్ 2

ఏకెన్‌స్టామ్ గారు వచ్చారు. ఈ ప్రాంతపు చర్చి సంగీతానికి తనిఖీ అధికారి. మనిషి ఎండుచేపలా ఉంటారు, మాట కూడా అంతే. పుస్తకానికి బిషప్ కార్యాలయం తరఫున ముందుమాట రాయాలట, పాత రిజిస్టర్లు చూపించమన్నారు. ఇచ్చాను. నిలబడే పేజీలు తిప్పారు. ఒక చోట ఆగారు.

"1863 అక్టోబర్‌లో ముగ్గురికి పరీక్ష పెట్టి సంతకం చేసింది మీ అన్నగారే?"

"సంతకం అక్కడే ఉంది కదండీ."

"ఉంది. ఆ అక్టోబర్‌లో నేను కోపెన్‌హాగెన్‌లో చదువుకుంటున్నాను. మీ అన్నగారు ఒక నాటకశాలలో వాద్యబృందాన్ని నడిపించేవారు. వారానికి ఐదు రోజులు. నేను డబ్బు లేక పై అంతస్తులో నిలబడి చూసేవాణ్ని."

"పరీక్షలకు వచ్చి వెళ్లేవాడు."

"పదకొండు మందికీ?"

"ఓడలుండేవి."

ఆయన రిజిస్టర్ మూసి బల్ల మీద నెమ్మదిగా పెట్టారు. "ఈ పదకొండు మంది ఇప్పుడూ ఉద్యోగాల్లో ఉన్నారా?"

"తొమ్మిది మంది. ఇద్దరు పోయారు."

"ఓడల సంగతి నాకు రాతపూర్వకంగా ఇవ్వండి, హాగెలిన్ గారూ. మే నెలాఖరు దాకా ఆగుతాను."

ఏప్రిల్ 3

నేను అబద్ధం చెప్పలేదు. ఓడలుండేవి.

ఏప్రిల్ 25

ఈస్టర్ పని ముగించుకుని టెక్లా రోస్వాల్ వచ్చింది. ఉత్సవంలో పాడాల్సిన పాటకు పాత విద్యార్థినులను కూడగట్టేది అదే. నలభై ఆరేళ్లు వచ్చాయి, జుట్టు నెరిసింది, నోరు మాత్రం పందొమ్మిదేళ్లప్పటిదే. తనతో పొగబెట్టిన చేపలు తెచ్చింది. నేను బంగాళాదుంపలు ఉడకబెట్టే లోపల నా బల్ల మీది కాగితాలు చదివేసింది.

"పంతులమ్మగారూ, ఇదేంటి?"

"చరిత్ర."

"ఎవరి చరిత్ర? 'ఆక్సెల్ హాగెలిన్ గారు టెక్లా రోస్వాల్ చేత ఏడాదిన్నర సాధన చేయించి పరీక్షించారు' అట. ఆయన్ని నేను మొట్టమొదట చూసింది నాకు ఉద్యోగం వచ్చిన మరుసటి వేసవిలో. అది కూడా ఆయన నన్ను పనిమనిషి అనుకుని గొడుగు చేతిలో పెట్టాడు."

"మెల్లగా మాట్లాడు. పైన వదిన ఉంది."

"ఉండనివ్వండి. నా మడమ మీద బెత్తంతో కొట్టింది ఎవరు? చలికి వేళ్లు కొంకర్లు పోతే తన చంకలో పెట్టుకుని వెచ్చబెట్టింది ఎవరు? ఆ గొడుగాయనా?"

"నా పేరుతో ఏం పని? పాఠశాల నిలబడింది, అది చాలు."

"మీకు చాలేమో. నాకు చాలదు. ఇరవై ఐదేళ్లుగా ప్రతి ఆదివారం వాయించి కిందికి దిగాక ఎవరో ఒకరు అడుగుతారు, ఎవరి దగ్గర నేర్చుకున్నావమ్మా అని. నేను మీ పేరే చెప్తాను. ఇప్పుడు పుస్తకం వస్తే నేను అబద్ధాలకోరునవుతాను."

అప్పుడు తనిఖీ అధికారి సంగతి చెప్పాల్సి వచ్చింది. టెక్లా చేప ముల్లు తీస్తూ కూర్చుంది.

"ఎన్ని సంతకాలు?" అంది చివరికి.

"పదకొండు."

"నాది కూడానా?"

"నీదే మొదటిది."

ఏప్రిల్ 26

రాయాల్సిందే. ఎవరూ చదవని ఈ పుస్తకంలోనైనా.

అన్నయ్యకు ఏ జబ్బూ లేదు. ఒక పాటకత్తె వెనక కోపెన్‌హాగెన్ వెళ్లాడు. 1862 ఫిబ్రవరిలో వెళ్లాడు, 64 మేలో తిరిగి వచ్చాడు. వదినకు అప్పటికి పెళ్లయి ఏడాది. 'డైరెక్టర్ లేని పాఠశాల మూసేయాలి' అని అనుమతి పత్రంలో ఉంది. మూసేస్తే పందొమ్మిది మంది పిల్లలు వెనక్కి మిల్లులకు పోవాలి. అందుకని డైరెక్టరు ఆరోగ్యం బాగాలేదు, పై గదిలో పడుకున్నారు అని చెప్పాను. పిల్లలు చదువు ముగించాక, వాళ్ల కోసం ఖాళీలు ఎదురు చూస్తుంటే, పరీక్ష నేనే పెట్టాను. నాకంటే కఠినంగా ఎవరూ పెట్టి ఉండరు. ఒకమ్మాయిని మూడుసార్లు తప్పించాను. ఆ తర్వాత కాగితం ముందు పెట్టుకుని అన్నయ్య సంతకం చేశాను. 'హ' కింద ఆ తోక కోసం ఒక వారం సాధన చేశాను.

1863 చివర్లో చట్టం మారింది. పాతికేళ్లు దాటిన పెళ్లికాని స్త్రీకి సొంత సంతకం వచ్చింది. నాకు ఇరవై ఏడు. అనుమతి పత్రం నా పేరుకు మార్చమని అడగవచ్చు. అడగలేదు. ఆ తర్వాత అన్నయ్య వచ్చాడు. ఆ తర్వాత పాతికేళ్లు ఉన్నాయి. అప్పుడూ అడగలేదు.

ఎందుకు అడగలేదో తెలియదు.

తెలుసు. కాదంటారేమోనని. అన్నయ్య పేరు వెనక ఉన్నంతకాలం నన్ను ఎవరూ కాదనలేదు.

ఏప్రిల్ 28

టెక్లా వెళ్లేముందు గుమ్మంలో నిలబడి చెప్పింది. "మేం మళ్లీ పరీక్ష రాస్తాం."

"పిచ్చా? మీలో మనవలున్నవాళ్లున్నారు."

"మనవలు పెడల్ తొక్కుతారా, మేం తొక్కాలి కానీ. ఆ ఎండుచేప గారినే పెట్టమనండి. గెలిస్తే మాకు నేర్పింది ఎవరో రాయండి. ఓడితే ఓడల సంగతి రాయండి."

మే 5

వదినతో మాట్లాడాను. ఇన్నాళ్లూ విల్హెల్మినా అంటే లేసులు, రిబ్బన్లు, ఫలకం ఆవిష్కరణకు ఏ టోపీ పెట్టుకోవాలా అన్న చింత, అంతే అనుకున్నాను. నిజం బయటపెడితే ఊరంతా ఆమెను చూసి గుసగుసలాడుతుంది. మొగుడు రెండేళ్లు ఎక్కడున్నాడో అందరికీ తెలుస్తుంది. ఆమె వద్దంటే మానేద్దామని పైకి వెళ్లాను. వద్దంటే బాగుండునని కూడా అనుకున్నానేమో.

అంతా విని, చేతిలోని అల్లిక కింద పెట్టింది.

"ఆయన సంతకం ఆయనకంటే నువ్వే బాగా పెట్టేదానివి," అంది.

"నీకు తెలుసా వదినా?"

"ఒకే ఇంట్లో ఉండి తెలియదా? నువ్వు ఆ వారం రోజులూ వంటింటి బల్ల మీద గీసిన కాగితాలన్నీ పొయ్యిలో వేసింది ఎవరనుకున్నావు? నువ్వా? నువ్వు ఏ రోజు కాగితం ఆ రోజు తీసిపెట్టావు కనుక?"

నేను ఆమె ఎదురుగా కుర్చీలో కూర్చున్నాను.

"పై గదిలో జబ్బుమనిషి ఉన్నాడని చెప్పావు. రోజూ మూడు పూటలా పళ్లెంలో సూపు పెట్టుకుని పిల్లల ముందు నుంచి మెట్లెక్కింది నేను. పైకెళ్లి ఆ సూపు నేనే తాగేదాన్ని. రెండేళ్లలో ఎంత లావయ్యానో నీకు గుర్తు లేదా?"

నవ్వింది. నేనూ నవ్వాను. తర్వాత ఆమె అల్లిక మళ్లీ చేతిలోకి తీసుకుంది.

"రాసెయ్ ఉల్రికా. ఆయన ఎక్కడికి వెళ్లాడో కూడా రాయి, ఎవరి కోసమో మాత్రం వద్దు. ఇంకో మాట. పందొమ్మిది మందికి వంట చేసింది నేను. ఒక్క పిల్ల కూడా ఆకలితో పాఠానికి రాలేదు. నా పేరు కూడా పెట్టు."

మే 9

ఏకెన్‌స్టామ్ గారికి మొత్తం రాసి పంపాను. ఓడలు లేవని రాశాను. మిగతా ఎనిమిది మందికీ ఉత్తరాలు టెక్లా రాస్తోంది.

మే 16

ఆయన జవాబు నాలుగు వాక్యాలు. 'చనిపోయినవారి సంతకం గురించి చనిపోయినవారిని అడగలేను. బతికున్నవారు వాయించగలరో లేదో చూడగలను. జూన్ పదకొండు, ఉదయం తొమ్మిది, పెద్ద చర్చి. కొత్తగా ఉద్యోగానికి వచ్చేవారికి పెట్టే పరీక్షే పెడతాను, వయసు చూడను.'

మే 24

ఎనిమిది మంది వస్తున్నారు. కరొలీనా దూఫ్వాకు కుడిచేతి చిటికెనవేలు సగం లేదు, గడ్డి కోసే కత్తికి పోయింది. అయినా వస్తానంది.

తొమ్మిదో మనిషి మలేనా రాదు. ఆమె ఉత్తరం ఇక్కడ అంటించను. భర్త మంచాన ఉన్నాడు, నలుగురు పిల్లలు, ఉండే ఇల్లు ఉద్యోగంతో వచ్చిన ఇల్లు. పరీక్షలో చేయి వణికితే అందరూ రోడ్డున పడతారు. 'నన్ను మరిచిపోండి పంతులమ్మగారూ, నా పేరు తలవకండి' అని రాసింది. టెక్లాకు కోపం వచ్చింది. నాకు రాలేదు. నేను పాతికేళ్లు భయపడ్డాను, నా మీద ఆధారపడ్డ పిల్లలు కూడా లేరు.

ఆమెకు రెండు ముక్కలు రాశాను. నిశ్చింతగా ఉండమన్నాను.

మే 30

రెండో అధ్యాయం మళ్లీ రాశాను. 'నేను నేర్పాను' అన్న మాట రాయడానికి ఒక పూట పట్టింది. రెండోసారి తేలికయింది. పద్నాలుగోసారికి చేయి ఆగలేదు.

'పది మంది' అని రాశాను. పోయిన ఇద్దరు, వస్తున్న ఎనిమిది మంది. ఈ చరిత్రలో ఒక అబద్ధం ఉంది. అది తెలిసే పెట్టాను, తీయను.

జూన్ 3

వాడ్‌స్ట్రోమ్ గారు ముఖం ఎర్రగా చేసుకుని వచ్చారు. పాలరాయి చెక్కేశారట.

"ఇప్పుడొచ్చి ఇదేం చెప్తున్నారమ్మా? రాయి మీద అక్షరాలు చెరిపేస్తామా?"

"చెరపొద్దు. అన్నయ్య నాకు పేరిచ్చాడు, అది లేకపోతే తలుపు తెరుచుకునేది కాదు. స్థాపకుడనే ఉండనివ్వండి. గురువు అన్న మాట దగ్గర మాత్రం ఆలోచించండి."

"ఏం ఆలోచించాలి?"

"పదకొండో తారీఖు ఉదయం పెద్ద చర్చికి వచ్చి వినండి. విన్నాక మీకే తోస్తుంది."

జూన్ 11

ఇంటికి వచ్చి కాళ్లు వేడినీళ్లలో పెట్టుకుని రాస్తున్నాను.

ఎనిమిది మందీ ఎనిమిదిన్నరకే చర్చి మెట్ల దగ్గర ఉన్నారు. నల్ల బట్టలు, తెల్ల కాలర్లు. నడుములు వెడల్పయ్యాయి, ఇద్దరికి కళ్లజోళ్లు వచ్చాయి. నన్ను చూడగానే వరసలో నిలబడ్డారు, ఎవరూ చెప్పకుండా. నేను కూడా ఎవరూ అడగకుండా గోళ్లు చూశాను. అందరివీ కత్తిరించి ఉన్నాయి.

ఆర్గన్‌కు గాలి అందించే తిత్తులు తొక్కే మనిషిని ఏకెన్‌స్టామ్ గారు పిలిపించలేదు. ఒకరు వాయిస్తుంటే ఇద్దరు తిత్తులు తొక్కారు, వంతులు వేసుకుని. కింద మొదటి వరసలో వదిన కొత్త టోపీతో కూర్చుంది. పక్కన వాడ్‌స్ట్రోమ్ గారు. మూడో వరస నుంచి ఊళ్లోవాళ్లు. సంగతి పొక్కింది.

పరీక్ష కఠినమైనదే. ఎప్పుడూ చూడని కీర్తన చూపించి వాయించమన్నారు. అదే కీర్తన ఒక స్వరం కిందికి దించి వాయించమన్నారు. తర్వాత కింది గొంతు ఒక్కటే రాసి, దాని మీద అంకెలు వేసి ఇచ్చారు. ఆ అంకెలను బట్టి మిగతా మూడు గొంతులు అక్కడికక్కడే అల్లుకుని వాయించాలి. అందులోనే చాలామంది మగవాళ్లు పోతారు.

టెక్లా మొదట కూర్చుంది. తప్పు లేదు. ఆమెలో ఆ మొండితనం వేళ్లలోకి వస్తే ఎంత బాగుంటుందో మరిచిపోయాను. రెండో అమ్మాయి, అమ్మాయి ఏమిటి, యాభై ఏళ్ల మనిషి, కీర్తన దించేటప్పుడు ఒక చోట తడబడి సర్దుకుంది. కరొలీనా సగం వేలితో అందని స్వరాన్ని ఎడమచేతితో అందుకుంది, అందుకోలేనప్పుడు పెడల్‌తో తీసుకుంది. ఏకెన్‌స్టామ్ గారు కాగితం మీద రాస్తున్నవారు రాయడం ఆపి ఆమె కాళ్లు చూశారు. ఆమె మాత్రం కాళ్లు చూసుకోలేదు. ఎనిమిది మందిలో ఒక్కరూ ఒక్కసారీ కిందికి చూడలేదు.

పదకొండున్నరకు ఆయన రిజిస్టర్ తెరిచి పేర్లు చదివారు. ఎనిమిది మందీ యోగ్యులు. ఇద్దరి పేర్ల దగ్గర 'స్వర్గస్థులు' అని చదివి తల వంచారు. ఇంకొక్క పేరు మిగిలింది, మలేనాది.

ఆయన కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నారు. "ఇక్కడ సిరా అలుక్కుపోయింది," అన్నారు. "ఏమీ కనపడటం లేదు." పేజీ తిప్పేశారు.

ఆ సిరా నాది. ఎక్కడా అలుక్కుపోలేదు.

వాడ్‌స్ట్రోమ్ గారు లేచి గొంతు సవరించుకున్నారు. రాయి మీద కింద చోటు ఉందని, శిల్పి రెండు రోజుల్లో రెండు పేర్లు చెక్కగలడని చెప్పారు. రెండు పేర్లు అనడం విన్నాను. వదిన టోపీ సర్దుకుంది.

ఇక అయిపోయిందని మెట్లు దిగబోతుంటే ఏకెన్‌స్టామ్ గారు పిలిచారు.

"హాగెలిన్ గారూ, వీళ్లను పరీక్షించింది మీరని నేను బిషప్ కార్యాలయానికి రాయాలి. మీ యోగ్యతా పత్రం సంఖ్య చెప్పండి."

లేదు. నాకు ఎవరూ పరీక్ష పెట్టలేదు. నేను మొదలుపెట్టిన రోజుల్లో ఆడదానికి పెట్టేవాళ్లు లేరు. ఆ తర్వాత పెట్టేదాన్ని నేనే అయ్యాను. ఆ మాటే చెప్పాను.

"అయితే కూర్చోండి," అన్నారు.

"నాకు యాభై మూడేళ్లు."

"వయసు చూడనని ముందే రాశాను."

వెనక ఎవరో నవ్వు ఆపుకున్నారు. టెక్లా అయి ఉంటుంది. ఇద్దరు తిత్తుల దగ్గరికి పరుగెత్తారు. నేను ఆర్గన్ ముందు బల్ల మీద కూర్చుని స్కర్టు సర్దుకున్నాను. కీర్తన చూసి వాయించాను. దించి వాయించాను. మూడోది, అంకెలు వేసిన కింది గొంతు, ముందిచ్చిన వాటికంటే కష్టమైనది ఇచ్చారు, అది నాకు గౌరవంగా తోచింది. సగం దాకా నది మీద మంచు కరిగినట్టు సాగింది. ఏడో గీత దగ్గర రెండు గొంతులు పక్కపక్కనే ఒకే దూరంలో నడిచాయి. అలా నడవకూడదు. మొదటి ఏడాది పిల్లకు చెప్పే తప్పు. వినేవాళ్లలో నూటికి తొంభై తొమ్మిది మందికి తెలియదు. వాడ్‌స్ట్రోమ్ గారు తల ఊపుతూనే ఉన్నారు.

నా వెనక ఎనిమిది మంది ఆడవాళ్లు ఒక్కసారిగా ఊపిరి బిగబట్టారు.

ఎనిమిది మందీ విన్నారు. తిత్తుల దగ్గర రొప్పుతున్న ఇద్దరితో సహా. ఆ చెవులు నేను తయారుచేసినవి. ముప్పై ఏళ్లలో నాకు ఎవరూ ఇవ్వని పత్రం అది. నేను నవ్వుకుంటూ చివరి దాకా వాయించాను.